మరమనిషి యెవరి చేతిపని?

2024వ సంవత్సరము మార్చి నెలలో అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రములోని యొక యున్నతపాఠశాల వ్యాయామశాలలో మా మేనకోడలు కన్నీరు పెట్టుకొనగా చూచితిమి. ఆమెకు పదునాఱేండ్లు. ఓడిపోయినందుకు ఆమె యేడ్వలేదు. ఆమె జట్టు తెచ్చిన యంత్రము ఆట నడుమ మొరాయించి నిలిచిపోయినది. దానిని మోసికొని వచ్చి బల్లపై పెట్టినప్పుడు, విప్పుట యెక్కడ మొదలిడవలెనో జట్టులోని నలువదిమందిలో నొక్కరికిని తెలియలేదు. తామే చేసితిమని గోడపై వ్రాసికొన్న వస్తువును తామే విప్పలేకపోయిరి. అందుల కేడ్చినది. ఆ కన్నీటికి కారకులెవరని మేము కొన్ని నెలలు తలపోసితిమి. కారకులు దుర్మార్గులు కారు; బిడ్డలపై ప్రాణములు పెట్టుకొన్న తలిదండ్రులు, అందును మనవారు. ఈ వ్యాసము వారిమీదనే. చదువరులలో కొందఱికి కోపము వచ్చును. వచ్చినను తుదివఱకు చదువుడని వేడుచున్నాము.

మా సోదరికి శస్త్రచికిత్స జరుగుటచే ఆ యేడు జనవరి మొదలు మార్చి వఱకు సెలవు పెట్టి వారింట నుంటిమి. సంస్కృతము, ఇంగ్లీషు చెప్పుకొని బ్రతుకు మాకు యంత్రములతో నేమి పని? ఏమియు లేదు. కాని పాఠశాల వారింటికి అరమైలు దూరము. రాత్రి తొమ్మిదింటికి మంచులో నడిచిపోయి పిల్లను తోడ్కొని వచ్చుట మా వంతైనది. కొంత ముందుగా పోయి, అక్కడి యుపాధ్యాయుని యనుమతితో ఒక మూలను కూర్చుండి చూచుట అలవాటైనది. ఆ చూపే ఈ వ్రాతకు మూలము.

ఆ పోటీ సంగతి కొంత చెప్పవలెను. డీన్ కామెన్ అను యంత్రనిర్మాత 1989లో ఫస్ట్ అను సంస్థను నెలకొల్పెను. ఆటగాండ్రకు దొరకు జేజేలు శాస్త్రము నేర్చినవారికి దొరకకపోవుట ఆయనకు బాధ. ఎమ్.ఐ.టి. అని లోకమెఱిగిన మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున వుడీ ఫ్లవర్సు అను నాచార్యుడు శిష్యుల కందఱికిని ఒకే తీరు సామగ్రి గల పెట్టెల నిచ్చి, దానితో యంత్రము చేసి పోటీపడుడని పాఠము నడపెడివాడు. ఆ పద్ధతినే వీరిరువురును కలిసి ఉన్నతపాఠశాల బాలురకు, బాలికలకు అందించిరి. 1992లో న్యూహాంప్‌షైరు రాష్ట్రమున మాంచెస్టరు పట్టణములోని యొక పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో మొదటి పోటీ జరిగినది. నేడు జట్లు వేలసంఖ్యలో నున్నవి.

జనవరిలో నొక శనివారమున ఆ యేటి యాట యేదో వెల్లడి చేయుదురు. ఏటేట క్రొత్త యాట గనుక నిరుటి యంత్రము ఈ యేటికి పనికిరాదు. 2024లో నారింజవన్నె ఫోము చుట్టలను నేలనుండి యెత్తి, ఎత్తున నున్న తెఱపిలోనికి విసరి, తుదిక్షణములలో యంత్రమే గొలుసు పట్టుకొని పైకి వ్రేలాడవలెను. బ్యాటరీయు, చుట్టు కట్టిన మెత్తయు కాక యంత్రము బరువు ఆ యేడు 125 పౌనులు మించరాదని నియమము. ఆ యేటి యాట రెండున్నర నిమిషములు. అందు మొదటి 15 సెకండ్లు మనుష్యుని చేయి సోకరాదు. పిల్లలు వ్రాసిన ప్రోగ్రామే దానిని నడపవలెను. మూడు జట్ల కెదురుగా మూడు జట్లు; ఈ యాటలో మిత్రుడైనవాడు మఱుసటి యాటలో ఎదిరి. కనుక ఎదిరి యంత్రము చెడిన బాగుచేసి పంపుట అక్కడ మర్యాద. 2019 వఱకు ఆఱు వారములు గడువగానే యంత్రమును సంచిలో మూసి ముద్ర వేయవలెనను కఠిననియమ ముండెను. 2020 నుండి దాని నెత్తివేసిరి. ఇంకొక విశేషము: ఆ సంస్థ యిచ్చు బహుమానములలో అన్నిటికంటె గొప్పది గెలిచిన యంత్రమునకు కాదు, తన యూరికిని ఇతర పాఠశాలలకును మేలుచేసిన జట్టునకు.

మొదటి రెండు వారములు మేము చూచినది కన్నులపండువు. చెక్కముక్కలు, అంటు పట్టీలు, చేతిమరతో బెజ్జములు. నలుగురు పిల్లలు ఫోము చుట్టను విసరు సాధనమొకటి కట్టిరి. అది మొదట మూడడుగుల దూరము విసరెను. పిమ్మట వెనుకకు విసరెను. ఆ మీదట విసరిన పిల్లవాని ముక్కునకే తగిలెను. కంటికి గాజుతొడుగు లేనిదే లోపల నడుగు పెట్టనీయరు గనుక కన్ను బ్రతికినది. నవ్విరి, విప్పిరి, మరల కట్టిరి. ఒక మూల ప్రోగ్రాము వ్రాయు పిల్లలు వ్రాయుటకు యంత్రము లేక, “మాకెప్పుడిస్తారు?” అని దినదినము తగవాడెడివారు. కొందఱు నేలపై కూర్చుండి రొట్టె తినుచు మోకాళ్లపై లెక్కలు చేసికొనుచుండిరి. రాత్రి తొమ్మిదింటికి దీపములార్పుదుమని ఉపాధ్యాయుడు మూడుసార్లు చెప్పవలసివచ్చెడిది. మన పాఠశాలలో గంట కొట్టకముందే సంచులు సర్దుకొను పిల్లలను పాతికేండ్లు చూచిన మాకు ఆ దృశ్యము క్రొత్త.

మా మేనకోడలు తీగల పని కోరి తీసికొన్నది. తీగ కొన ఒలిచి, లోహపు తొడుగు దూర్చి, పట్టకారుతో నొక్కి బిగించి, ఆపైన గట్టిగా లాగి చూడవలెను. ఊడివచ్చినచో మరల మొదటికి. మొదటినాడు పది బిగించిన ఏడు ఊడినవి. ఆ యేడింటిని జేబులో వేసికొని యింటికి తెచ్చి, అన్నము తినుచు త్రిప్పి త్రిప్పి చూచినది. రెండవ వారము తుదకు ఒకటి మా చేతిలో పెట్టి, “లాగు మామయ్యా, నీ బలమంతా పెట్టి లాగు” అన్నది. లాగితిమి. రాలేదు. ఆ పిల్ల ముఖమున నప్పుడు కనిపించిన వెలుగు మా శిష్యులకు నూటికి నూఱు మార్కులిచ్చినప్పుడు మేమెన్నడును చూడలేదు. మార్కులు మేమిచ్చునవి, మా దయాదాక్షిణ్యములకు లోబడినవి. తీగకు దయ లేదు. అది ఊడును, లేదా ఊడదు. సిఫారసు చెల్లని పరీక్ష ఒకటి లోకములో నున్నదని పదునాఱేండ్లకే తెలిసికొన్న బిడ్డ ధన్యురాలు.

మూడవ వారమున కథ మాఱినది. ఆ జట్టులో నొక బాలుని తండ్రి మన కోస్తావాడు. గొప్ప కంపెనీలో పెద్ద ఇంజనీరు. మంచివాడు, మాకు ఫిల్టరు కాఫీ పెట్టినవాడు. చుట్టలను నేలనుండి యెత్తు భాగము పిల్లల చేతిలో కుదురుటలేదని చూచి, శనివారము సాయంకాలము దానిని తన కారులో వేసికొని పోయెను. సోమవారము తళతళలాడు అల్యూమినియము పనితో తిరిగి తెచ్చెను. అది మీట నొక్కగానే చుట్టను మ్రింగినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి, ఆ పాపములో మాకును పాలున్నదని ఒప్పుకొనుచున్నాము. వారము తిరుగకముందే ఆయన చూపు తీగలమీద పడెను. “చూడ్డానికి నీట్‌గా లేవు మాస్టారూ” అని యొక రాత్రి కూర్చుండి అన్నియు కత్తిరించి తానే క్రొత్తగా కట్టెను. మఱునాడు మా పిల్ల తాను బిగించిన తొడుగులను చెత్తబుట్టలో చూచినది. ఎవరిని నేమియు అనలేదు. ఆమెను ప్రకటనపటముల పనికి మార్చిరి. “నీ హ్యాండ్‌రైటింగ్ బాగుంటుంది కదమ్మా” అన్నారట.

ఇక పోటీ. శుక్రవారము సాయంకాలము మూడవ యాటలో ఆ తళతళలాడు నోరు మూసికొని పోయినది. తండ్రి కంపెనీ పనిమీద వేఱొక యూర నున్నాడు, ఫోను తీయలేదు. పిల్లలు దాని చుట్టును నిలువబడిరి. ప్రక్క చోటున నొక పట్టణపు పాఠశాలవారి జట్టు కలదు. వారి యంత్రము చెక్కతో చేసినది, అంచులు కూడ సరిగా లేవు, అంతకుముందు మన పిల్లలలో కొందఱు దానిని చూచి నవ్విరి. ఆ జట్టునుండి యొక బాలిక చేత పానా పట్టుకొని వచ్చి, “ముందు ఏ బోల్టు విప్పాలి?” అని అడిగెను. జవాబు లేదు. “మరి ఎవరు చేశారిది?” అని అడిగెను. ఆ ప్రశ్నకును జవాబు లేదు. మా మేనకోడలి కన్ను చెమ్మగిల్లినది అప్పుడే. పిమ్మట ఆ పిల్లయు, మా పిల్లయు కలిసి బోల్టులొక్కొక్కటి విప్పి చూడగా, పట్టీ క్రింద చిక్కుకొన్నది గోరంత ఫోము ముక్క! దానిని తీయుటకు ఐదు నిమిషములు. దానికి దారి కనుగొనుటకు గంటకు పైగా. ఆలోగా రెండాటలు పోయినవి. తుదిపోటీకి ఎనిమిదిమంది నాయకులు తమకు తోడుగా జట్లను పిలుచుకొన్నప్పుడు వీరి పేరు ఎవరును పిలువలేదు. చెక్క యంత్రపు జట్టును పిలిచిరి. శనివారము రాత్రి తిరిగివచ్చిన యింజనీరుగారు మాతో ననిన మాట యిది: “చూశారా మాస్టారూ, ఒక్కరోజు నేను లేకపోతే ఏం చేశారో!”

ఆ మాటను మేము మఱవలేదు. ఆయన నిజమే చెప్పెను. దాని యర్థము మాత్రము ఆయనకు తెలియదు.

మాకు చెప్పబోవు సమాధానములను మేమెఱుగుదుము. మొదటిది: పోటీ నియమములు పెద్దల చేతిని నిషేధింపలేదు. నిజము. పనిచేయు ఇంజనీర్లను పిల్లలు దగ్గఱనుండి చూచి ఉత్సాహము పొందవలెననుటయే కామెన్ గారి తలంపు. దానిని మేము కాదనము. పెద్దవాడు ప్రక్కన నిలువకున్న పిల్లవాడు వేలు కోసికొనును. కాని ప్రక్కన నిలుచుట వేఱు, బదులు నిలుచుట వేఱు. ఈత నేర్పువాడు నీటిలో దిగి పట్టుకొనవలెను గాని, పిల్లను గట్టుమీద కూర్చుండబెట్టి తాను చెఱువీది, “మా అమ్మాయి ఈదింది” అని చాటరాదు. వెక్స్ అను మఱియొక పోటీలో రూపకల్పనయు, కట్టుటయు, ప్రోగ్రాము వ్రాయుటయు విద్యార్థులదే కావలెనని వ్రాతపూర్వకమైన కట్టడి కలదు. నిర్వాహకులు దానిని వ్రాయవలసివచ్చె ననిన, పెద్దల చేయి ఎంత దురుసైనదో యూహించుకొనవచ్చును.

రెండవ సమాధానము, అసలైనది, గొంతు తగ్గించి చెప్పుదురు: “అందఱు తండ్రులును చేయుచున్నారు; మేము మానినచో మావాడు వెనుకబడును; కళాశాలవారు దరఖాస్తులో చూతురు.” ఇదిగో, ఇక్కడనున్నది ముల్లు! మనవారు అక్కడికి పోయినను ఎంసెట్టును మూటకట్టుకొనిపోయిరి. ఇక్కడ ర్యాంకు, అక్కడ దరఖాస్తు. రూపము మాఱెను, రోగము మాఱలేదు. బిడ్డ చేయునది ఏదైనను సీటునకు మెట్టు. వీణ మెట్టు, కూచిపూడి మెట్టు, వృద్ధాశ్రమమున గంట సేవ మెట్టు, మరమనిషి మెట్టు. మెట్టునకు కావలసినది పేరు, పని కాదు. కనుక పని తండ్రి చేయును, పేరు కొడుకు తీసికొనును. పూర్వము కొందఱు జమీందారులు కవులచేత కావ్యములు వ్రాయించి తమ పేర ప్రకటించుకొనెడివారని నవ్వుదుము. వారైన కవికి మాన్యమిచ్చిరి. ఈ తండ్రి కేమి దక్కినది? రాత్రి నిద్ర పోయినది. కొడుకున కేమి దక్కినది? తాను చేయనిదానిని చేసితినని చెప్పు నేర్పు. ఈ నేర్పుతో వాడు రేపు వంతెన కట్టును, ఎల్లుండి ఆస్పత్రి యంత్రము చేయును. ఆ వంతెనమీద నడుచువారము మనము.

రోబో అను మాట పుట్టుక ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది. చెకోస్లొవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున ఆ పేరు మొదట కనబడినది. దానికి మూలమైన చెక్ పదమునకు వెట్టిచాకిరి యని యర్థము. మనుష్యుని వెట్టి తీర్చుటకు పుట్టినది మరమనిషి. మన గృహములలో మరమనిషి నెపమున తండ్రి కొడుకునకు వెట్టి చేయుచున్నాడు. కొడుకు తండ్రి యాశకు వెట్టి చేయుచున్నాడు. యంత్ర మొక్కటే హాయిగా నున్నది.

ధనము లేనిచో, పేరున్న తండ్రులు లేనిచో పిల్లలేమి చేయగలరని యడుగువారు 2004వ సంవత్సరపు కథ వినవలెను. అరిజోనా రాష్ట్రము ఫీనిక్సు నగరమున కార్ల్ హేడెన్ ఉన్నతపాఠశాల కలదు. మెక్సికోనుండి వచ్చిన బీదకుటుంబముల బిడ్డలు నలుగురు. కొందఱికి ఆ దేశమున నుండుటకు సరియైన పత్రములే లేవు. నీటియడుగున నడుచు యంత్రముల పోటీ కాలిఫోర్నియాలో సాంటా బార్బరా నగరమున జరుగగా, వీరు దాదాపు 800 డాలర్ల చందాతో, ఇంటి నీళ్ల గొట్టములకు వాడు ప్లాస్టిక్కు గొట్టములతో యంత్రము కట్టిరి. జిగురు కంపు కొట్టుటచే దానికి ‘స్టింకీ’ యని, అనగా కంపుది యని, పేరు పెట్టిరి. వారి గురువులు ఆలన్ కామెరాన్, ఫ్రెడీ లాజ్వర్డీ అనువారు. కళాశాలలవారితో ఓడినను సిగ్గులేదుకదా యని పిల్లలను పైతరగతి పోటీలోనే దింపిరి. తెలియని సంగతులను పిల్లలే నిపుణులకు ఫోను చేసి యడిగిరి.

అక్కడికి పోయిన పిమ్మట పెట్టెలోనికి నీరు కాఱుచున్నదని తెలిసెను. తడిసిన యంత్రాంగము చచ్చును. అప్పుడొక కుఱ్ఱవాడు, స్త్రీలు నెలసరిలో వాడు దూదికట్టలు నీటిని పీల్చునని తోచి, అంగడికి పోయి, వానిలో నేది మేలని అచటి యొక స్త్రీని సిగ్గు విడిచి యడిగి తెచ్చెను. పెట్టెలో కూరిరి. యంత్రము బ్రతికినది. ఈ వాక్యమును వ్రాయుటకు వెనుకాడు పత్రికలు మన దేశమున నేటికిని కలవు. ఆ కుఱ్ఱవాడు వెనుకాడలేదు. పెద్ద యింజనీరు ప్రక్కనున్నచో విలువైన రబ్బరు బిళ్లను తెప్పించెడివాడు. ఈ యుపాయము పుట్టెడిది కాదు. ఆ నలుగురును ఎమ్.ఐ.టి. జట్టును దాటి మొదటి బహుమానము పొందిరి. దానితోపాటు సాంకేతికరచనకిచ్చు బహుమానమును కూడ! ఇంటిలో స్పానిషు మాట్లాడు పిల్లలు ఇంగ్లీషు రచనలో కళాశాలలవారిని మించిరి. ఇంగ్లీషు నేర్పి బ్రతుకు మేము దీనికి కారణ మిట్లు చెప్పుకొంటిమి: తాను చేసిన పనిని గూర్చి వ్రాయువానికి మాటలు వెదకుకొన నక్కఱలేదు.

వారికి లోకము పూలు చల్లలేదు. ఆ నలుగురిలో ఆస్కార్ వాస్కెజ్ 2009లో ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని, పత్రములు లేని కారణమున స్వయముగా మెక్సికోకు వెడలిపోయి, 2010లో అనుమతి దొరకి తిరిగివచ్చి సైన్యమున చేరెను. పోటీ గెలిచినవారి కందఱికిని సీటు దొరకునను తండ్రులకు ఈ సంగతి రుచింపదు. ఐనను ఆ చేతులలో చేరిన పనిని ఏ సరిహద్దు సిపాయియు గుంజుకొనలేదు.

ఇక ఆడపిల్లల మాట. ఆ జట్టున బాలికలు పదునలుగురు. వారిలో పదుగురు ప్రకటనపటములు, లెక్కల పుస్తకము, చందాల యుత్తరములు, బహుమానమునకు పంపు వ్యాసము చూచెడివారు. ఇవి తక్కువ పనులని మేమనము; చేయవలసినవే. వానిని కోరి తీసికొన్నవారెందఱు, త్రోయబడినవారెందఱు? అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లకును చివరకు దొరకినది ముగ్గుచిప్పయే యైనచో, సముద్రము దాటి మనము సంపాదించినదేమి? మేము ఈ మాట మా సోదరితో నంటిమి. ఆమె పడకపైనుండి, “పోనీ అన్నయ్యా, దానికెందుకా నూనె మరకలు? చదువుకునే పిల్ల” అనినది. మాకు నోట మాట రాలేదు. ఆమె రసాయనశాస్త్రమున ఎమ్మెస్సీ పట్టభద్రురాలు.

చదువుకొను పిల్లకు నూనె మరక యెందుకు? ఐదు పదముల యీ ప్రశ్నలో మన దేశపు వేయేండ్ల చరిత్ర కలదు. మా బాల్యమున మా యింటి వెనుక వీధిలో నొక వడ్రంగి కొట్టముండెడిది. బాడిసతో చెక్కుచుండగా ఎగురు పొట్టు, చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలు చెక్కపొర, ఆ పచ్చిచెక్క వాసన — వీనికై అక్కడ గంటలతరబడి కూర్చుండెడివారము. ఒకనాడు ఆయన మా చేతికి ఉలి యిచ్చి ఒక గాడి తొలువుమనెను. తొలుచుచుండగా మా తండ్రిగారు చూచిరి. కొట్టలేదు. ఇంటికి తెచ్చి, స్నానము చేయించి, అమరము తెఱపించిరి. ఆ గాడి నేటికిని సగమే యున్నది. వడ్రంగి కొడుకు మా తరగతిలోనివాడే. వానికి ఉలి యున్నది, అమరము లేదు. మాకు అమరమున్నది, ఉలి లేదు. ఇరువురమును సగము మనుష్యులమై పెరిగితిమి.

మన పూర్వులు విమానములే చేసిరని సభలలో చెప్పువారు మా వృత్తిలో కూడ నున్నారు. సంస్కృతము చదివినందున వారికి మేమే సమాధానము చెప్పవలెను. భోజుని పేరనున్న 11వ శతాబ్దపు సమరాంగణసూత్రధారమున యంత్రములకు ఒక యధ్యాయమే కలదు. ద్వారము కాచు కొయ్యబొమ్మలు, పాదరసపు వేడిమిచే నెగురు కొయ్యపక్షి అందు వర్ణింపబడినవి. కాని చేయు విధమును పూర్తిగా చెప్పలేదు. తెలియక కాదు, రహస్యముగ నుంచుటకే చెప్పలేదని గ్రంథమే చెప్పుకొన్నది. దాచినది దాగియే పోయినది. నేడు వర్ణన మిగిలినది, యంత్రము మిగులలేదు. గ్రంథము ఒకచోట, చేయి ఒకచోట నుంచిన జాతికి పట్టిన గతి యిది. న్యూజెర్సీలో నా తండ్రి తన గరాజు తలుపు వేసికొని రాత్రి చేసినదియు రహస్యయంత్రమే. పిల్లలకు దక్కినది వర్ణనయే, గోడమీది పటముపై.

మన యూళ్లలో మాత్రము వెలుగేమున్నది? ఇంజనీరింగు విద్యార్థులకు సిద్ధమైన ప్రాజెక్టులను వెలకమ్ము దుకాణములు హైదరాబాదులో కలవని యెఱుగనివారెవరు? నీతి ఆయోగు 2016లో ఆరంభించిన అటల్ ఇన్నోవేషన్ మిషను క్రింద పాఠశాలలలో ‘టింకరింగ్ ల్యాబు’లు వెలసినవి, ఒక్కొక్కదానికి 20 లక్షల రూపాయల వఱకు సాయము. పదివేల పాఠశాలలలో అట్టివి పెట్టిరి. రాబోవు ఐదేండ్లలో ప్రభుత్వపాఠశాలలలో మఱి యేబదివేలు పెట్టుదుమని 2025 బడ్జెటులో ప్రకటించిరి. మంచిదే. మేము పనిచేయు పాఠశాలలో కూడ అట్టి గది యొకటి 2019లో వచ్చినది. దానిలో మోటార్లు, గేరుచక్రములు, ముద్రించి బొమ్మలుచేయు యంత్రము కలవు. తాళమును కలదు. తనిఖీకి వచ్చువారి కొఱకు తెఱతురు, దుమ్ము తుడుతురు, ఇద్దఱు పిల్లలను తెల్లని చొక్కాలతో నిలువబెట్టుదురు, వారు కంఠస్థము చేసిన నాలుగు వాక్యములు చెప్పుదురు, మరల తాళము.

2024 జూనులో తిరిగివచ్చి ఆ తాళపుచెవి యడిగితిమి. సంస్కృతపు మాస్టరుకు అక్కడేమి పని యని నవ్వులాట అయినది. ఐదు నెలలు గడచినమీదట, సైన్సు మాస్టరుగారి జాలితో, వారమునకు రెండు సాయంకాలములు దొరకినది. స్టాకు రిజిస్టరు తిరుగవేసితిమి. అందు నాలుగు గడులున్నవి: వస్తువు పేరు, వచ్చినవి, ఉన్నవి, విఱిగినవి. ఐదేండ్లుగా నాలుగవ గడిలో ప్రతి వరుసకును సున్న. తనిఖీదారు లొకరు దానిప్రక్కన ఎఱ్ఱసిరాతో ‘చాల బాగు’ అని వ్రాసిరి.

ఎనిమిదవ తరగతి బాలికలు ఆర్గురిని, బాలురు ఐదుగురిని లోపలికి పంపితిమి. మేము మూలను కూర్చుండి, వేళ్లు తెగకుండ చూచుటకంటె నేమియు చేయలేదు. చేయుటకు మాకు వచ్చినదియు లేదు. నెల తిరుగకముందే నాలుగవ గడిలో మా చేతివ్రాతతో ఎక్కినవి: మోటారు ఒకటి, గేరుచక్రములు మూడు, తీగ నాలుగు మీటర్లు. ప్రధానోపాధ్యాయులవారు సంజాయిషీ అడిగిరి. వ్రాసి యిచ్చితిమి, మోటారు వెల మా జీతమునుండి పట్టుకొనుడని కూడ చేర్చితిమి. ఆ కాగితముపై వారు ఇంకను సంతకము చేయలేదు. మోటారు కాల్చిన పిల్ల మాత్రము ఏ తీగను ఏ తీగకు తగిలించుటచే కాలినదో నల్లబల్లపై బొమ్మ వేసి, తక్కిన పదిమందికిని చెప్పుచున్నది.